బీఓఎం కాస్ట్ మీద గొడవ చాలు, అసలు బీఓఎం ఏంటో అడుగుదాం

ఏ ఫ్లాగ్‌షిప్ ఫోన్ లాంచ్ అయినా రెండు మూడు వారాల్లో ఒక వార్త గ్యారంటీగా వస్తుంది. "ఈ ఫోన్ తయారీకి అయ్యే ఖర్చు ఇంతేనట!" దాని కింద కామెంట్లు మీకు తెలిసినవే. సగం ధర దోపిడీ అని ఒకరు, బ్రాండ్‌కి డబ్బులు కట్టే పిచ్చోళ్లు ఉన్నంతకాలం ఇంతే అని ఇంకొకరు. 2017 నవంబర్‌లో ఐహెచ్ఎస్ మార్కిట్ సంస్థ ఐఫోన్ ఎక్స్‌ని విప్పి, 64 జీబీ మోడల్‌లో పార్ట్స్ విలువ 370.25 డాలర్లు అని అంచనా వేసింది. అమ్మిన ధర 999 డాలర్లు. ఆ రెండు నంబర్లు పక్కపక్కన పెట్టి అప్పట్లో ఎన్ని వీడియోలు వచ్చాయో లెక్కలేదు. ఆ 370లో సాఫ్ట్‌వేర్ ఖర్చు లేదు, రీసెర్చ్ లేదు, షిప్పింగ్ లేదు, వారంటీ లేదు, షాపువాడి మార్జిన్ లేదు. ఇలాంటి అంచనాల్లో నిజానికి దగ్గరగా వచ్చింది ఒక్కటి కూడా తాను చూడలేదని టిమ్ కుక్ 2015లోనే అన్నాడు. ఆయన అలా అనక ఇంకేమంటాడు అని మీరు అడగొచ్చు, అదీ కరెక్టే.

నా కంప్లైంట్ ఆ నంబర్ తప్పా ఒప్పా అన్నది కాదు. బీఓఎం, అంటే బిల్ ఆఫ్ మెటీరియల్స్ అన్న మాట మన గ్యాడ్జెట్ ప్రపంచంలో ఒక ధర పేరుగా మిగిలిపోయింది. ఫ్యాక్టరీలో అది ధర కాదు, ఒక చెట్టు. ఏ వస్తువులో ఏ భాగం, ఎన్ని, ఏ లెవెల్లో, ఏ తేదీ నుంచి, అది దొరక్కపోతే దాని బదులు ఏది అన్నదంతా అందులో ఉంటుంది. మీ చేతిలో ఉన్న ఫోన్‌కీ, అదే పేరుతో మీ ఫ్రెండ్ కొన్న ఫోన్‌కీ తేడా ఎందుకు వస్తుందో చెప్పేది అదే. ఖర్చు అన్నది ఆ చెట్టు చివర్లో వచ్చే ఒక టోటల్ మాత్రమే. నన్నడిగితే అందులో అన్నిటికంటే బోర్ కొట్టే విషయం కూడా అదే.

ఆవకాయ జాడీ, ఇయర్‌బడ్స్ డబ్బా

బీఓఎం అంటే రెసిపీ లాంటిది అని అందరూ చెప్తారు. సరే, మన రెసిపీనే తీసుకుందాం. ఆవకాయకి మామిడికాయ ముక్కలు, కారం, ఉప్పు, ఆవపిండి, నూనె. ఇది మొదటి లెవెల్. ఆవపిండి ఎక్కడినుంచి వచ్చింది? ఆవాలు ఎండబెట్టి, కొట్టి, జల్లిస్తే వచ్చింది. అంటే దానికి కింద ఇంకో బీఓఎం ఉంది. కాయలు పది కిలోలు కొంటే ముక్కలు పది కిలోలు రావు, లోపలి జీడి తీసేస్తాం, మెత్తబడ్డ కాయలు పక్కన పడేస్తాం. ఫ్యాక్టరీ భాషలో అది స్క్రాప్ పర్సంటేజ్. కారం, ఉప్పు, ఆవపిండి కలిపిన పొడి ఉంటుంది చూడండి, దాన్ని ఎవరూ డబ్బాలో పోసి అటక మీద దాచరు, కలిపిన వెంటనే ముక్కల్లోకి వెళ్లిపోతుంది. అలాంటివాటిని ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫాంటమ్ అంటారు. కాగితం మీద ఒక అసెంబ్లీగా ఉంటుంది గానీ స్టాక్‌లో ఎప్పుడూ కనిపించదు.

ఆఖరిది, ముఖ్యమైనది. నువ్వుల నూనె రేటు పెరిగిందని ఆ ఏడాది అమ్మ వేరుశెనగ నూనె పోసింది అనుకోండి. జాడీ మీద మాత్రం ఆవకాయ అనే ఉంటుంది. దీని సంగతి తర్వాత చూద్దాం.

ఈ విషయం మీద రాయాలంటే సాఫ్ట్‌వేర్ వాడకుండా రాయకూడదని, ఈఆర్‌పీనెక్స్ట్‌ని నా ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసుకున్నా. ముంబైలో పుట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఇది, డాకర్ వాడటం వస్తే మీరూ ఒక సాయంత్రంలో సెటప్ చేసుకోవచ్చు. నా దగ్గర పాడైపోయి పడున్న ఒక ఇయర్‌బడ్స్ సెట్ విప్పి, కనిపించిన భాగాలన్నీ ఐటెమ్స్‌గా ఎంటర్ చేసి, బీఓఎం రాశా. పైన రిటైల్ బాక్స్. దాని కింద ఎడమ బడ్, కుడి బడ్, ఛార్జింగ్ కేస్, చిన్న సైజు టిప్స్, పెద్ద సైజు టిప్స్, కేబుల్, మాన్యువల్, అట్టపెట్టె. బడ్ కింద బ్యాటరీ, డ్రైవర్, మైక్, చిన్న సర్క్యూట్ బోర్డు, పై షెల్, కింద షెల్, జిగురు. బోర్డు కింద ఇంకో పెద్ద లిస్ట్.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌ని ఒకే ఒక ప్రశ్న అడుగుతాం. 10,000 బాక్సులు కావాలి, ఏం కొనాలి, ఎప్పుడు కొనాలి? ఒక్క బడ్ బ్యాటరీ లెక్కే చూడండి. బాక్సుకి రెండు, కాబట్టి 20,000. అసెంబ్లీలో 2 శాతం పాడవుతాయి అనుకుంటే 20,000ని 0.98తో భాగించాలి, 20,409 కావాలి. గోడౌన్‌లో 6,000 ఉన్నాయి, దారిలో ఇంకో 5,000 వస్తున్నాయి. మిగిలింది 9,409. సప్లయర్ 5,000 లాట్లలోనే ఇస్తాడు, కాబట్టి ఆర్డర్ 10,000. ప్యాకింగ్ సెప్టెంబర్ 1న మొదలవ్వాలి, బడ్స్ బిగించడానికి ఒక వారం, అంటే బ్యాటరీలు ఆగస్టు 25కి చేతిలో ఉండాలి. సప్లయర్‌కి ఆరు వారాలు పడుతుంది. ఆర్డర్ జూలై 14లోపు పడాలి. ఈ పనిని చెట్టులోని ప్రతి ఐటెమ్‌కీ, పై నుంచి కిందికి, చేసుకుంటూ వెళ్లడమే ఎమ్మార్పీ. బాక్స్ మీద ఉండే గరిష్ట చిల్లర ధర కాదు బాబూ, మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్.

చూడ్డానికి ఎక్సెల్‌లో చేసేయొచ్చు అనిపిస్తుంది. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఒకే రకం చిన్న మ్యాగ్నెట్ కేస్ మూతలోనూ ఉంది, బడ్ కింద షెల్ లోపలా ఉంది అనుకోండి. కేస్‌లో అది రెండో లెవెల్, బడ్‌లో మూడో లెవెల్. సాఫ్ట్‌వేర్ రెండో లెవెల్‌కి రాగానే మ్యాగ్నెట్ లెక్క తేల్చేసి ఆర్డర్ పెడితే, మూడో లెవెల్‌కి వెళ్లాక మళ్లీ అదే మ్యాగ్నెట్ ఎదురవుతుంది. గోడౌన్‌లో ఉన్న స్టాక్‌ని ఇప్పటికే ఒకసారి లెక్కలో వాడేసింది. అందుకే ప్రతి ఐటెమ్‌కీ అది కనిపించే అతి కింది లెవెల్ నంబర్ ఒకటి తగిలిస్తారు, ఆ లెవెల్ వచ్చేదాకా దాని జోలికి వెళ్లరు. లో లెవెల్ కోడ్ అంటారు దీన్ని. ఇంత సింపుల్ ఐడియా లేకుండా ఈ సబ్జెక్టే లేదు.

పాత కథ రెండు మాటల్లో. ఐబీఎంలో పనిచేసిన జోసెఫ్ ఆర్లికీ 1964లో ఎమ్మార్పీకి రూపం ఇచ్చాడు, మొదట వాడిన కంపెనీ బ్లాక్ అండ్ డెకర్, మన డ్రిల్లింగ్ మెషీన్ల వాళ్లే. ఇంకా మజా ఏంటంటే, చంద్రుడి మీదికి మనిషిని పంపిన శాటర్న్ 5 రాకెట్ బీఓఎంని మేనేజ్ చేయడానికి ఐబీఎం, రాక్‌వెల్, క్యాటర్‌పిల్లర్ కలిసి ఐఎంఎస్ అనే డేటాబేస్ తయారుచేశాయి. 1968లో పని మొదలుపెట్టిన ఆ సాఫ్ట్‌వేర్ వారసుడు ఇప్పటికీ పెద్ద బ్యాంకుల మెయిన్‌ఫ్రేముల్లో నడుస్తోంది. అది డేటాని చెట్టు ఆకారంలో దాచుకోవడం ఊరికే జరగలేదు, మొదట దాచాల్సిందే ఒక బీఓఎం కాబట్టి.

"మోడల్ అదే కదా సార్"

ఇక నా అసలు పాయింట్. నేను రాసిన ఇయర్‌బడ్స్ బీఓఎంని సబ్‌మిట్ కొట్టాక ఈఆర్‌పీనెక్స్ట్ దాన్ని మార్చనివ్వదు. ఏదైనా మార్చాలంటే కొత్త బీఓఎం చేయాలి, దానికి చివర 002 అని కొత్త నంబర్ వస్తుంది, దాన్ని డిఫాల్ట్‌గా టిక్ చేయాలి. పాతది అలాగే చరిత్రలో ఉండిపోతుంది. దానికి తోడు ఐటెమ్‌కి ప్రత్యామ్నాయం పెట్టుకునే ఆప్షన్ ఉంది. ఈ బ్యాటరీ లేకపోతే ఆ బ్యాటరీ అని. శాప్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్లలో ఇది ఇంకా లోతుగా ఉంటుంది. ఒకే పార్ట్‌కి రెండు మూడు ఆల్టర్నేట్స్, ఒక్కోటి ఎంత శాతం వాడాలో కూడా రాసుకోవచ్చు. ఫలానా తేదీ నుంచి కొత్తది, లేదా పాత స్టాక్ అయిపోయేదాకా పాతది, ఆ తర్వాత కొత్తది. అంటే ఒకే వారం, ఒకే లైన్ మీద, ఒకే మోడల్ పేరుతో రెండు రకాల వస్తువులు బయటికి రావడం పొరపాటు కాదు. అది ప్లాన్.

ఇది తప్పని నేను అనడం లేదు. ఒక్క సప్లయర్‌నే నమ్ముకుంటే ఏమవుతుందో 2021 చిప్ కొరతలో అందరూ చూశారు. చవక పవర్ చిప్ ఒక్కటి రాకపోతే ఖరీదైన కార్లు ఫ్యాక్టరీ బయట ఎండలో నిలబడ్డాయి. రెండో సోర్స్ పెట్టుకోవడం మంచి ఇంజినీరింగ్. గొడవ ఎక్కడంటే, ఆ రెండూ సమానం అని ఎవరు నిర్ణయించారు అన్న దగ్గర.

ఫ్యాక్టరీల్లో దీనికి ఒక పాత రూల్ ఉంది. ఆకారం, అమరిక, పనితనం, ఈ మూడూ మారకపోతే పార్ట్ నంబర్ మార్చక్కర్లేదు. మొదటి రెండింటికీ స్కేల్ పెట్టి కొలవొచ్చు. మూడోదే మాయ. ప్రొడక్ట్ పేజీలో "128 జీబీ స్టోరేజ్" అని మాత్రమే రాసుకున్న కంపెనీ దృష్టిలో ఏ 128 జీబీ చిప్ అయినా పని ఒకటే చేస్తుంది. రివ్యూలో యాప్ ఎంత వేగంగా ఓపెన్ అయిందో చూసి కొన్న మీ దృష్టిలో అది ఒకటే కాదు.

హువావే పీ10 గుర్తుందా? 2017లో కొన్నవాళ్లు స్టోరేజ్ టెస్ట్ చేసుకుంటే కొందరికి సెకనుకి 700 ఎంబీ పైన వచ్చింది, కొందరికి 300 దగ్గరే ఆగింది. యూఎఫ్ఎస్ 2.1, యూఎఫ్ఎస్ 2.0, ఈఎంఎంసీ, మూడూ ఒకే పేరు మీద అమ్ముడయ్యాయి. ఫ్లాష్ మెమరీ కొరత వల్ల అని కంపెనీ చెప్పింది. కొరత నిజమే. కానీ బాక్స్ మీద ఒక్క అక్షరం తేడా లేదు, ధరలో ఒక్క రూపాయి తేడా లేదు.

దానికి రెండేళ్ల ముందు ఐఫోన్ 6ఎస్ గొడవ. ఏ9 చిప్‌ని శాంసంగ్ 14 నానోమీటర్లలో, టీఎస్ఎంసీ 16 నానోమీటర్లలో చేశాయి. బెంచ్‌మార్కుల్లో బ్యాటరీ తేడా కనిపించిందని గోల మొదలైతే, మామూలు వాడకంలో తేడా 2 నుంచి 3 శాతమే అని యాపిల్ ప్రకటించింది. నాకైతే ఈ రెండు కేసులూ ఒకటి కావు. మొదటిదాంట్లో జాడీలో నూనె మారింది. రెండోదాంట్లో నూనె అదే, గానుగ మారింది. అన్ని ఆల్టర్నేట్స్‌నీ ఒకే గాటన కట్టేసి "మోసం" అని అరిచే యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ వల్ల నిజంగా అడగాల్సిన ప్రశ్న మరుగున పడిపోతోంది.

ఎస్ఎస్‌డీల వాళ్లు ఇందులో మనకంటే ముందు దెబ్బలు తిన్నారు. 2021లో క్రూషియల్ పీ2 టీఎల్‌సీ నుంచి క్యూఎల్‌సీ ఫ్లాష్‌కి మారింది, పేరు మాత్రం పీ2నే. అదే ఏడాది శాంసంగ్ 970 ఈవో ప్లస్‌లో కంట్రోలర్ మారింది, కానీ వాళ్లు పార్ట్ నంబర్, బాక్స్ డిజైన్, స్పెక్ షీట్ మార్చారు. వెస్టర్న్ డిజిటల్ ఎస్ఎన్550 దొరికిపోయాక, ప్రకటించిన స్పెక్స్ మీద ప్రభావం పడే మార్పు ఏదైనా చేస్తే ఇకపై కొత్త మోడల్ నంబర్ ఇస్తామని మాటిచ్చింది. అంటే ఇది చేయలేని పని కాదు. జనం టెస్టులు చేసి, పేర్లు పెట్టి అడిగారు, కాబట్టి జరిగింది. ఫోన్ల విషయంలో మనం ఇంకా బీఓఎం కాస్ట్ దగ్గరే కొట్టుకుంటున్నాం.

ఇది నాకు సొంత గొడవ కూడా. నేను ఒక మిడ్‌రేంజ్ ఫోన్ రివ్యూ చేసిన ఐదు నెలలకి మా బాబాయి కొడుకు అదే కొన్నాడు, అదే వేరియంట్, అదే రంగు. వాడిది కొంచెం స్లోగా ఉందన్నాడు, రెండూ పక్కపక్కన పెట్టి టెస్ట్ చేశా. స్టోరేజ్ రీడ్ స్పీడ్ దాదాపు సగం. డిస్‌ప్లే కూడా వేరే ప్యానెల్, తెలుపు రంగు చూస్తేనే తెలిసిపోతుంది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే కౌంటర్లో అమ్మాయి బాక్స్ మీద మోడల్ నంబర్ చూసి, మర్యాదగానే, "మోడల్ అదే కదా సార్" అంది. ఆ అమ్మాయి తప్పేం లేదు, ఆమె స్క్రీన్ మీద కనిపించేది అంతే. వాడు మాత్రం "అన్నా, నీ రివ్యూ చూసే కదా కొన్నా" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం ఏముంటుంది? నేను టెస్ట్ చేసిన ఫోన్ వేరు, వాడు డబ్బులు కట్టిన ఫోన్ వేరు. రివ్యూ అన్న పనికే అర్థం లేకుండా పోయే తేడా ఇది.

కంపెనీ దగ్గర ఉంది, మన దగ్గర లేదు

కంపెనీలకి ఏ ఫోన్‌లో ఏం పెట్టారో తెలియదా అంటే, చాలావరకు తెలుసు. బీఓఎం అనేది ఎలా తయారుచేయాలి అన్న ప్లాన్. దాని పక్కన ఇంకో రికార్డు ఉంటుంది, నిజంగా ఎలా తయారైంది అన్నది. యాజ్ బిల్ట్ అంటారు. ఈ సీరియల్ నంబర్ ఫోన్‌లో ఈ కెమెరా మాడ్యూల్, ఈ బ్యాటరీ, ఈ లాట్ అని లైన్ మీద స్కాన్ అవుతూ వెళ్తుంది. రేపు ఒక బ్యాటరీ లాట్‌లో లోపం బయటపడితే ఏ ఫోన్లు వెనక్కి పిలవాలో తెలియాలి కదా. 2021 డిసెంబర్‌లో వచ్చిన ఐఓఎస్ 15.2 నుంచి ఐఫోన్ సెట్టింగ్స్‌లో పార్ట్స్ అండ్ సర్వీస్ హిస్టరీ అని ఒకటి కనిపిస్తోంది, బ్యాటరీ మార్చి ఉంటే అది ఒరిజినల్‌దో కాదో చెప్పేస్తుంది. మనం బయట పార్ట్ వేయించుకుంటే పట్టుకోవడానికి టెక్నాలజీ ఉంది. వాళ్లు లోపల పార్ట్ మార్చితే మనకి చెప్పడానికి మాత్రం లేదంటే ఎలా నమ్మాలి?

ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. చాలామంది "బాక్స్ మీద బీఓఎం రివిజన్ నంబర్ వేస్తే చాలు" అంటారు. చాలదు. ఫ్యాక్టరీలో డిస్‌ప్లేకి ఒకే సొంత పార్ట్ నంబర్ ఉంటుంది, దాని వెనకాల ఆమోదించిన సప్లయర్ల లిస్ట్ వేరేగా ఉంటుంది. ఆ లిస్టులో ఇద్దరు ఉంటే, ఎవరి ప్యానెల్ వాడినా బీఓఎంలో ఒక్క గీత కూడా మారదు. రివిజన్ అదే, ప్యానెల్ వేరు. కాబట్టి అడగాల్సింది యాజ్ బిల్ట్ సమాచారం. మొత్తం అక్కర్లేదు, ఏ రెసిస్టర్ ఎవరిదో నాకెందుకు? డిస్‌ప్లే ప్యానెల్, స్టోరేజ్ రకం, ర్యామ్ రకం, మెయిన్ కెమెరా సెన్సర్, బ్యాటరీ సెల్. ఈ ఐదూ సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ పేజీలో కనిపిస్తే చాలు. పాకెట్ మీద పదార్థాల లిస్ట్ లేకుండా బిస్కెట్ అమ్మనివ్వం, అరవై వేల ఫోన్ మీద మాత్రం "6.7 అంగుళాల అమోలెడ్" అంటే సరిపెట్టుకుంటున్నాం.

సప్లయర్ పేర్లు వ్యాపార రహస్యం అంటారు. ఏం రహస్యం? లాంచ్ అయిన మర్నాడే టియర్‌డౌన్ వీడియోలో చిప్ మీద పేరు జూమ్ చేసి చూపిస్తారు. పోటీ కంపెనీవాడికి తెలిసిపోతుంది, తెలియనిది కొన్నవాడికే. షాపుల్లో జనం ఆ ప్యానెలే కావాలని ఏరుకుంటారు, మిగతా స్టాక్ మిగిలిపోతుంది అన్నది ఇంకొంచెం నిజాయితీ ఉన్న అభ్యంతరం. అవును, ఏరుకుంటారు. రెండూ నిజంగా సమానమైతే ఆ ఉత్సాహం నెలలో చల్లారిపోతుంది, సమానం కాకపోతే ఏరుకునే హక్కు వాళ్లకి ఉంది.

ఇప్పుడే ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానంటే, 2025 చివరి నుంచి మెమరీ ధరలు ఎలా పెరిగాయో చూస్తున్నారుగా. ఏఐ డేటా సెంటర్లు ర్యామ్ మొత్తం లాగేసుకుంటుంటే ఫోన్ కంపెనీలకి మిగిలిన దారులు తక్కువ. ధర పెంచాలి, ర్యామ్ తగ్గించాలి, లేదా ఎవరికీ కనిపించని చోట ఆల్టర్నేట్ పెట్టాలి. మొదటి రెండిటికీ హెడ్‌లైన్ వస్తుంది. మూడోదానికి రాదు.

ఇదే చెట్టుని ఇంకో వైపు నుంచి చూస్తే మన మేక్ ఇన్ ఇండియా కథ కూడా కనిపిస్తుంది. 2015 ఆగస్టులో షావోమీ విశాఖలో ఈవెంట్ పెట్టి రెడ్‌మీ 2 ప్రైమ్ లాంచ్ చేసింది, శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ బిగించిన ఫోన్ అది. "మన దగ్గర తయారైంది" అని మనమంతా గర్వపడ్డాం, పడాలి కూడా. కానీ బీఓఎం భాషలో ఆ దశలో మన దగ్గర జరిగేది చెట్టు పైన లెవెల్ జీరో, లెవెల్ వన్ మాత్రమే. తర్వాత వచ్చిన ఫేజ్డ్ మాన్యుఫాక్చరింగ్ ప్రోగ్రామ్ అసలు ఐడియానే ఆ చెట్టులో ఏడాదికొక మెట్టు దిగడం. ముందు ఛార్జర్, బ్యాటరీ, తర్వాత మెకానికల్ పార్ట్స్, 2018 ఏప్రిల్‌లో సర్క్యూట్ బోర్డు అసెంబ్లీ, కెమెరా మాడ్యూల్ మీద 10 శాతం దిగుమతి సుంకం, ఆ తర్వాత డిస్‌ప్లే. 2025 మార్చిలో కేంద్రం ఆమోదించిన 22,919 కోట్ల కాంపొనెంట్ స్కీమ్ ఇంకా కిందికి దిగే ప్రయత్నం. "ఈ ఫోన్ ఇండియాదేనా?" అని ఎవరైనా అడిగితే అవును, కాదు అని చెప్పకండి. ఎన్నో లెవెల్ దాకా అని అడగండి. ఆ లెక్క తెలిసేది కూడా బీఓఎం బయట పెడితేనే.

రిపేర్ సంగతి కూడా ఇంతే. సర్వీస్ కోసం ఒక వేరే బీఓఎం ఉంటుంది, అది ఫ్యాక్టరీ బీఓఎం అంత లోతుకి వెళ్లదు. ఫ్యాక్టరీకి మీ స్క్రీన్ అంటే గ్లాస్, ప్యానెల్, జిగురు, ఫ్రేమ్, ఫ్లెక్స్ కేబుల్. సర్వీస్ సెంటర్‌కి అదంతా కలిపి ఒకే ఐటెమ్. పై గ్లాస్ పగిలితే మొత్తం మార్చాలి అనేది సర్వీస్‌వాడి పొగరు కాదు, ఆ సాఫ్ట్‌వేర్‌లో గ్లాస్ అన్న ఐటెమే లేదు. ఆర్డర్ పెట్టాలన్నా కుదరదు. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చిన రూల్ ప్రకారం మోడల్ అమ్మకం ఆపాక కూడా 7 ఏళ్లు ముఖ్యమైన స్పేర్ పార్ట్స్ దొరకాలి. ఆ రూల్ పాటించాలంటే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో స్పేర్స్‌ని కూడా డిమాండ్‌గా ఎంటర్ చేసి, ఏడేళ్లకి సరిపడా బ్యాటరీలు, డిస్‌ప్లేలు ఎలా తేవాలో ముందే లెక్క వేయాల్సిందే. ఎవరో చట్టం చేస్తే బీఓఎంలో కొత్త లైన్లు వస్తాయి, చేయకపోతే రావు. మన దగ్గర 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టారు, మంచిదే, కానీ పోర్టల్ వేరు, గడువు పెట్టిన రూల్ వేరు.

నా వైపు నుంచి ఒక మార్పు చేస్తున్నా. ఇకమీదట నా ప్రతి ఫోన్ రివ్యూ పైన ఒక చిన్న బాక్స్ ఉంటుంది. నేను టెస్ట్ చేసిన యూనిట్ తయారైన నెల, అది కంపెనీ పంపిందా నేను షాపులో కొన్నానా, స్టోరేజ్ రకం, కొలిచిన రీడ్, రైట్ స్పీడ్, కనుక్కోగలిగితే ప్యానెల్ ఎవరిది, కెమెరా సెన్సర్ ఏది. లాంచ్ అయిన నాలుగైదు నెలలకి, బాగా అమ్ముడయ్యే మోడల్స్‌లో ఒక్కటైనా షాపులో కొని మళ్లీ అవే టెస్టులు చేస్తా. జేబుకి కొంచెం కష్టమే, చూద్దాం ఎన్నాళ్లు చేయగలనో.

మీరు చేయగలిగేది ఇది. కొత్త ఫోన్ తీయగానే యాప్స్ ఎక్కించకముందే ఆండ్రోబెంచ్‌లో స్టోరేజ్ స్పీడ్, డివైస్ ఇన్ఫో హెచ్‌డబ్ల్యూ లాంటి యాప్‌లో కనిపించినంతవరకు ప్యానెల్, సెన్సర్, మెమరీ వివరాలు స్క్రీన్‌షాట్ తీసుకోండి. బాక్స్ మీద తయారీ నెల ఫోటో తీయండి. ఐఎంఈఐ, సీరియల్ నంబర్ మాత్రం చెరిపేసి మాకు పంపండి. ఒక్కో మోడల్‌కి యాభై వచ్చినా చాలు, ఏ నెల నుంచి ఏం మారిందో ఒక టేబుల్ వేసి ఇక్కడే పెడతా.